ఎవరు సామీయో తేల్చే పని మనది కాదు: ట్రోమ్సోకి వచ్చే తెలుగువాళ్ళ కోసం

ఉత్తర నార్వేలోని ట్రోమ్సోకి చదువుకో ఉద్యోగానికో బయల్దేరే మనవాళ్ళు ముందుగా అడిగేది చలి గురించి, అద్దెల గురించి, నవంబర్ ఆఖరు నుంచి జనవరి సగం దాకా సూర్యుడు మొహం చూపించడట నిజమేనా అని. ఇక్కడి ఆదివాసులైన సామీల గురించి అడిగేవాళ్ళు తక్కువ. అడిగినవాళ్ళు కూడా "ఆ రెయిన్‌డీర్లు పెంచేవాళ్ళు ఎక్కడుంటారు, ఒకరోజు వెళ్ళి చూసి రావచ్చా" అంటారు.

ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మీ కింది ఫ్లోర్‌లో ఉంటారు, మీ ల్యాబ్‌లో ఉంటారు, మీ పిల్లల టీచరో మీకు పన్ను పీకే డాక్టరో అయివుంటారు. మామూలు జాకెట్ వేసుకుని మామూలు నార్వేజియన్ మాట్లాడతారు. తాము సామీలమని మీకు చెప్పొచ్చు, ఏళ్ళ తరబడి పక్క సీట్లో పనిచేసినా చెప్పకపోవచ్చు. ఇక్కడ మసలుకోవడానికి ముందు తెలియాల్సింది ఇదే, కింద రాసిన సలహాలన్నీ దీన్లోంచి వచ్చినవే.

ఎందుకు చెప్పరు

నార్వేలో ఎవరు ఏ జాతివారో ప్రభుత్వం ఇప్పుడు నమోదు చేయదు. కాబట్టి దాదాపు 80 వేల మంది ఉండే ఈ ఊళ్ళో సామీలు ఎందరంటే కచ్చితమైన లెక్క ఎవరి దగ్గరా ఉండదు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలోని కోలా ద్వీపకల్పం అన్నీ కలిపి 80 వేల దాకా ఉంటారని, అందులో సగానికి పైగా నార్వేలోనే అని చెబుతుంటారు, అదీ అంచనాయే. ఈ నాలుగు దేశాల్లో పరుచుకున్న తమ నేలని వాళ్ళు సాప్మి అంటారు. ట్రోమ్సోకి సామీలో రొమ్సా అని పేరు. క్వెన్ భాషలో ఇంకో పేరుంది. క్వెన్‌లంటే ఎప్పుడో ఫిన్లాండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ వారసులు, వాళ్ళది మరో పెద్ద కథ. నార్వేజియన్, సామీ, క్వెన్ మూడూ ఒకే ఇంట్లో కలిసిపోయిన కుటుంబాలు ఈ తీరమంతా ఉన్నాయి.

1850ల నుంచి 1960ల దాకా, అంటే వందేళ్ళకు పైగా, సామీలను నార్వేజియన్లుగా మార్చేయడమే ప్రభుత్వ విధానం. బళ్ళో సామీ మాట్లాడనివ్వలేదు, పిల్లల్ని ఇంటికి దూరంగా హాస్టల్ బళ్ళలో పెట్టారు. నార్వే ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్‌లో ప్రభుత్వ భూమి కొనాలంటే నార్వేజియన్ మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చితీరాలని 1902లో చట్టమే చేశారు. దానికి తోడు రెండో ప్రపంచ యుద్ధం. 1944 చివర్లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఫిన్‌మార్క్‌నీ, ట్రోమ్సో ఉన్న ట్రోమ్స్ ప్రాంతపు ఉత్తర భాగాన్నీ తగలబెట్టేసింది, ఇళ్ళతోపాటు బట్టలు, పనిముట్లు, ఫొటోలు అన్నీ బూడిదయ్యాయి. 1930 జనాభా లెక్కల్లో సామీ అని ఉన్న తీరప్రాంత కుటుంబాలు 1950 లెక్కలకి చాలాచోట్ల దాదాపుగా మాయమయ్యాయి. మనుషులు ఎక్కడికీ పోలేదు. పిల్లలకి భాష నేర్పడం మానేశారు, ఎవరైనా అడిగితే నార్వేజియన్లమే అన్నారు. మేం పడ్డ అవమానాలు పిల్లలు పడకూడదనుకున్న తల్లిదండ్రులు చేసిన పని అది.

అందుకే నడివయసు మనిషి "మా నాయనమ్మ సామీ అని ఆవిడ పోయాకే తెలిసింది" అంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. కౌటోకెయ్నో, కారాశోక్ లాంటి లోపలి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళలో చాలామందికి ఇంట్లో భాష నిలిచింది, పండక్కి వేసుకునే బట్టలు తరతరాలుగా ఉన్నాయి. లింగెన్, కోఫ్యోర్డ్ వైపు ఫ్యోర్డ్‌ల (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) ఒడ్డున చేపలు పట్టుకుని, కాసిని గొర్రెల్ని పెంచుకుని బతికిన తీరప్రాంత సామీల మనవలు అవన్నీ వెతుక్కుని తెచ్చుకోవాల్సివస్తోంది. ఈ రెండు రకాలవాళ్ళూ మీ ఆఫీసులో ఒకే టేబుల్ దగ్గర కాఫీ తాగుతుంటారు, వాళ్ళ మధ్యే "అసలైన సామీ ఎవరు" అన్న సలుపు ఉంది. బయటివాళ్ళం మనం దాంట్లో వేలు పెట్టకూడదు.

అడగకూడనివి, అడగదగ్గవి

"నువ్వు సామీలా కనిపించవే" అనొద్దు. పొగడ్త అనుకుని అనేవాళ్ళున్నారు, అది పొగడ్త కాదు. "నువ్వెంత శాతం సామీ" అనీ అడగొద్దు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జాతి శాస్త్రం పేరుతో పరిశోధకులు వచ్చి వీళ్ళ తలల కొలతలు తీసుకుని, ఫొటోలు తీసి, సమాధుల్లోంచి ఎముకలు కూడా పట్టుకుపోయారు. శాతాలడిగితే మీకు తెలియకుండానే వాళ్ళ సరసన చేరిపోతారు. లాప్ అన్న పాత మాట కొన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో, టూరిస్టు బొమ్మల మీద ఇంకా కనిపిస్తుంది, అది తిట్టు కింద లెక్క, వాడకండి. సామీ అంటే చాలు.

రెయిన్‌డీర్ల పెంపకం చేసే కుటుంబం అని తెలిసిందా, మీకెన్ని రెయిన్‌డీర్లున్నాయని అడగొద్దు. బ్యాంకులో ఎంతుందని అడగడంతో సమానం. ఇంకో సంగతి, నార్వే సామీల్లో ఆ పని చేసేవాళ్ళు పదిలో ఒకరి దాకా మాత్రమే ఉంటారు. మిగతావాళ్ళు నర్సులు, లాయర్లు, మెకానిక్కులు, జాలర్లు, ప్రోగ్రామర్లు. సామీ అని చెప్పగానే రెయిన్‌డీర్ల గురించి మొదలుపెడితే, ఆ మనిషికి ఇది వెయ్యోసారి అని గుర్తుపెట్టుకోండి.

మరేం అడగాలి? మీ వాళ్ళది ఏ ఊరు అని అడగండి. ఉత్తర నార్వేలో ఎవరినైనా ఇది అడగొచ్చు, ఇబ్బంది లేని ప్రశ్న. చెప్పాలనుకున్నవాళ్ళు అక్కణ్ణుంచి అమ్మమ్మ దాకా, ముత్తాత దాకా వాళ్ళే వెళ్తారు. వద్దనుకున్నవాళ్ళు ఊరి పేరు చెప్పి వాతావరణంలోకి దిగుతారు, మీరూ దిగండి. ఒకరు మీ దగ్గర చెప్పుకున్నారని మర్నాడు లంచ్ టేబుల్ దగ్గర "ఈమె సామీ తెలుసా" అని మిగతావాళ్ళకి పరిచయం చేయకండి. ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది పూర్తిగా ఆవిడ ఇష్టం.

మనవాళ్ళకి ఇంకో అలవాటుంది, మంచి మనసుతో చేసేదే. "మమ్మల్నీ ఇంగ్లీషువాళ్ళు ఏలారు, మాకు అర్థమవుతుంది" అని వెంటనే మన కథ ఎత్తుకుంటాం. ఒక్క నిమిషం ఆగండి. మన భాష మాట్లాడేవాళ్ళు కోట్లమంది. సామీ భాషల్లో పెద్దదైన ఉత్తర సామీ మాట్లాడేవాళ్ళు మూడు దేశాల్లో కలిపినా ఇరవై వేలకి అటూఇటూ ఉంటారు, మిగతా సామీ భాషల్లో కొన్నింటికి వందల్లోనే మిగిలారు. పోలికలుంటే ఉండనివ్వండి, ముందు వినండి.

"నేనూ సామీయేనేమో" అని ఎవరైనా అంటే

ఇది మీకు తప్పకుండా ఎదురవుతుంది, ఎక్కువగా రాత్రి పొద్దుపోయాక. అప్పుడు "అయితే నువ్వు సామీవే" అని తీర్పు చెప్పకండి, "ఒక్క అమ్మమ్మ ఉంటే ఏమవుతుందిలే" అని కొట్టిపారేయకండి. నిబంధన ఏమిటో తెలిసి ఉంటే మాత్రం ఉపయోగపడుతుంది.

సామీలకి నార్వేలో ఎన్నికైన పార్లమెంటు ఉంది, పేరు సామెదిగ్గి, కారాశోక్‌లో ఉంటుంది, 1989లో మొదలైంది, 39 మంది సభ్యులు. దాని ఓటర్ల జాబితాలో చేరాలంటే రెండు ఉండాలి. ఒకటి, నన్ను నేను సామీగా భావిస్తున్నానని ప్రకటించాలి. రెండోది, తనకి గానీ, తల్లిదండ్రుల్లో, తాతముత్తాతల్లో ఒకరికి గానీ సామీ ఇంటిభాష అయివుండాలి, అంటే ముత్తాత, ముత్తవ్వల తరం దాకా వెనక్కి వెళ్ళొచ్చు. లేదా అమ్మో నాన్నో ఇప్పటికే ఆ జాబితాలో ఉండాలి. ఓటు వేయాలంటే ఎన్నిక జరిగే ఏడాది చివరికి 18 నిండాలి. 2021 ఎన్నికల నాటికి జాబితా 20 వేలు దాటింది, తర్వాత ఇంకా పెరిగింది. అర్హత ఉండీ చేరనివాళ్ళు బోలెడంతమంది. కొందరికి రాజకీయాలు పట్టవు, కొందరికి అంత ధైర్యం చాలదు, కొందరు "భాష రాని నేను ఏ మొహంతో చేరను" అనుకుంటారు. ఈ చివరి మాట విన్నప్పుడు, భాష రావాలన్న షరతేమీ లేదని చెప్పండి, తాతలకి వస్తే చాలు. స్వీడన్, ఫిన్లాండ్‌లలో విడి సామీ పార్లమెంట్లు ఉన్నాయి, నిబంధనలు కొద్దికొద్దిగా తేడా, అక్కడి బంధువుల విషయంలో ఇదే లెక్క వేయకండి.

సామీ అమ్మాయినో అబ్బాయినో పెళ్ళి చేసుకున్న తెలుగువాళ్ళకి: పెళ్ళితో మీకు ఆ జాబితాలో చోటు రాదు. మీ పిల్లలకి మాత్రం పూర్తి హక్కు ఉంటుంది, వాళ్ళ రంగు, ఇంటిపేరు ఏవైనా సరే. ఇది పిల్లలకి చిన్నప్పుడే చెప్పి పెంచండి, ఎందుకంటే "నువ్వు సామీలా లేవు" అన్న మాట వాళ్ళకి రెండు వైపుల నుంచీ పడుతుంది.

బట్టలు, పాట, షాపింగ్

గాక్తి అంటే సామీల సంప్రదాయ దుస్తులు. రంగు, అంచు, టోపీ చూసి మనిషిది ఏ ప్రాంతమో చెప్పేస్తారు, తెలిసినవాళ్ళు కుటుంబం కూడా పోల్చుకుంటారు. మే 17న, అంటే నార్వే రాజ్యాంగ దినాన, ఊరేగింపులో చాలామంది వేసుకుంటారు. బాగుందని చెప్పండి, ఏ ప్రాంతంది అని అడగండి, ఇష్టంగా చెబుతారు. తీరప్రాంతాల్లో ఆగిపోయిన గాక్తిని పాత ఫొటోలు, మ్యూజియం ముక్కలు చూసి మళ్ళీ కుట్టించుకుంటున్నారు, అలాంటిది తొలిసారి వేసుకుని బయటికి వచ్చిన మనిషికి మీ మామూలు పలకరింపు ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. ముట్టుకోవద్దు, అడక్కుండా ఫొటో తీయొద్దు, పిల్లల్ని అసలే తీయొద్దు.

మనం వేసుకోవచ్చా? సామీ కుటుంబంవాళ్ళే కుట్టి ఇచ్చి వేసుకోమంటే వేసుకోండి. ఆన్‌లైన్‌లో దొరికే ఫ్యాన్సీ డ్రెస్ రకాలు కొని హాలోవీన్‌కి వేయడం మాత్రం వద్దు. చేతిపనులు కొనుక్కోండి, అవి అందరికీ. సామీ దుయొజ్జి అన్న గుర్తు ఉందేమో చూడండి, అది ఉంటే నిజంగా సామీ కళాకారులు చేసిన వస్తువు. ఖరీదు ఎక్కువే ఉంటుంది, పక్క సూవెనీర్ షాపులో చవగ్గా దొరికేది ఎక్కడో ఫ్యాక్టరీలో అచ్చేసింది.

యొయిక్ గురించి ఒక్క మాట. అది గొంతుతో చేసే సామీల పాట, ఒక మనిషికో చోటుకో జంతువుకో చెందినదిగా ఉంటుంది. పార్టీలో "ఒక యొయిక్ పాడవా" అని అడగకండి. లెస్తాడియన్ అనే క్రైస్తవ శాఖ బలంగా ఉన్న ఇళ్ళలో దాన్ని పాపం అనేవాళ్ళు, ఇప్పటికీ కొందరు పెద్దలకి అది సున్నితమైన విషయం. వినాలనుంటే జూలైలో కోఫ్యోర్డ్‌లోని మాన్‌డాలెన్‌కి వెళ్ళండి. అక్కడి కుర్రాళ్ళు 1991లో మొదలుపెట్టిన రిద్దు రిద్దు ఇప్పుడు ప్రపంచంలోని ఆదివాసీ కళాకారులంతా వచ్చే పండగ. సామీలమని చెప్పుకోవడానికి జనం జంకిన చోటే అది పుట్టింది, అదే ప్రాంతంలో సామీ పేరున్న రోడ్డు బోర్డుల్ని తుపాకీతో కాల్చిన రోజులూ ఉన్నాయి.

ఫిబ్రవరి 6

సామీల జాతీయ దినం. 1917లో అదే రోజున ట్రోండ్‌హైమ్‌లో సరిహద్దులకి అటూఇటూ ఉన్న సామీలు తొలిసారి సభ పెట్టుకున్నారు, దాని వెనక ముఖ్యమైన మనిషి ఎల్సా లౌలా రెన్‌బర్గ్ అనే మహిళ. ఆ రోజు సెలవు కాదు, ఆఫీసు ఉంటుంది. కనపడిన సామీ స్నేహితులకి "లిహ్కు బెయ్‌వీన్" అనండి, శుభాకాంక్షలన్నమాట. ఎవరు సామీయో తెలియకపోతే అందరికీ అనండి, నార్వేజియన్లూ అనుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. జెండా ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ఉంటుంది, దాని మీద సూర్యుడు, చంద్రుడు కలిసిన వలయం, 1986లో ఆమోదించారు. క్యాంటీన్లలో బిదోస్ వండుతారు, రెయిన్‌డీర్ మాంసం, బంగాళాదుంప, క్యారెట్ వేసి నెమ్మదిగా ఉడికించినది. ఆ వారంలోనే ఊరి నడిబొడ్డున స్టూర్‌గాటా వీధిలో మంచు మీద రెయిన్‌డీర్ల పందెం ఉంటుంది, లాసో విసిరే పోటీ కూడా. ముందే వెళ్ళి తాడు దగ్గర నిలబడండి, లేకపోతే తలకాయలు తప్ప ఏమీ కనపడవు.

కొండలెక్కేటప్పుడు

క్వాలోయా, రింగ్‌వసోయా దీవుల మీద రెయిన్‌డీర్లు మేస్తుంటాయి. ఎవరూ లేని అడవిలా కనపడ్డా అది ఒకరి పని జరిగే చోటు. కనపడగానే ఫోన్ తీసి దగ్గరికి పరుగెత్తకండి, కూర్చోండి, అవి వెళ్ళేదాకా ఆగండి. మే నెలలో దూడలు పుట్టే సమయం, తల్లి బెదిరి పరుగెడితే దూడ విడిపోతుంది. కుక్క ఉంటే ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 దాకా గొలుసు తీయకూడదు, చట్టం. ఊరి ఎదురుగా కనిపించే ట్రోమ్స్‌డాల్స్‌టిండెన్ శిఖరం, 1238 మీటర్లు, సామీలకి పవిత్రమైనది, సామీలో సాలషోఅయ్వి అంటారు. ఎక్కొచ్చు, అందరూ ఎక్కుతారు, చెత్త మాత్రం వదలకండి.

ఆ కొండ కింది లోయకి పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడల్లో వచ్చిన యూరోపియన్ టూరిస్టులు సామీల గుడారాలు చూడ్డానికి గుంపులుగా వెళ్ళేవాళ్ళు. స్వీడన్ వైపు నుంచి ప్రతి వేసవికీ మందలతో వచ్చే కుటుంబాలవి. 1919లో రెండు దేశాలూ మేత గురించి కొత్త ఒప్పందం చేసుకున్నాక అలాంటి కుటుంబాల్లో చాలావాటిని స్వీడన్ అధికారులు బలవంతంగా దక్షిణానికి తరలించారు. ఇప్పటి టూర్లు వెయ్యి క్రోనర్లకి పైనే ఉంటాయి. వెళ్ళాలనుకుంటే, బుక్ చేసేముందు ఇది నడిపేది ఏ కుటుంబం, మంద వాళ్ళదేనా అని అడగండి. నిజమైనవాళ్ళు సంతోషంగా చెబుతారు.

గాలిమరల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళలో ఇంజనీర్లు ఎక్కువ, "గ్రీన్ ఎనర్జీకి అడ్డు చెప్తారేంటి" అని ఠక్కున అనేస్తారు. మధ్య నార్వేలోని ఫోసెన్‌లో కట్టిన గాలిమరలు సామీ పశుపోషకుల సాంస్కృతిక హక్కుని ఉల్లంఘించాయని 2021 అక్టోబర్ 11న నార్వే సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. మరలు తిరుగుతూనే ఉండడంతో 2023 ఫిబ్రవరిలో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వశాఖల తలుపుల దగ్గర బైఠాయించారు. అంతకుముందు 1979లో ఆల్టా నది ఆనకట్టకి వ్యతిరేకంగా పార్లమెంటు ఎదుట నిరాహారదీక్ష చేశారు, ఆనకట్ట కట్టేశారు, కానీ సామెదిగ్గి పుట్టడానికి దారి వేసింది ఆ పోరాటమే. సామీలను నార్వేజియన్లుగా మార్చేసిన ఆ పాత విధానానికి రాజు 1997లో, దేశ పార్లమెంటు 2024లో క్షమాపణ చెప్పాయి. ఇంత వెనక కథ ఉన్న విషయం మీద అభిప్రాయం చెప్పేముందు ఒక సాయంత్రం చదువుకోవడం మంచిది.

భాష

నేర్చుకోవాలనిపిస్తే ముందు నార్వేజియన్ నేర్చుకోండి, సామీ కోర్సులు చాలామటుకు దాని ద్వారానే చెబుతారు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో సామీ చదవొచ్చు, క్యాంపస్‌లో ఆర్ద్నా అనే సామీ సాంస్కృతిక భవనం ఉంది, అక్కడి కార్యక్రమాలకి వెళ్ళడం మంచి మొదలు. సామీ నార్వేజియన్‌కి చుట్టం కాదు, ఫిన్నిష్‌కి చుట్టం. విభక్తులు మాట చివర అంటుకుంటాయి కాబట్టి తెలుగువాళ్ళకి అంత కంగారు పుట్టదు. "బువొర్రె బెఅయ్వి" అని ఎవరైనా పలకరిస్తే "ఇప్మెల్ అత్తి" అనాలి, థాంక్స్‌కి "గీతు". ఒక జాగ్రత్త: మీరు నాలుగు ముక్కలు నేర్చుకుని భాష రాని సామీ స్నేహితుడి ముందు ప్రదర్శించకండి. మీకది సరదా, అతనికి ఇంట్లో ఆగిపోయిన భాష.

జోకులు, ఓటు

లంచ్‌లో ఎవరైనా సామీల మీద జోకు వేస్తే నవ్వకండి. టేబుల్ దగ్గర సామీలు ఎవరూ లేరని మీకెలా తెలుసు? "అర్థం కాలేదు, కాస్త వివరంగా చెప్పు" అని అమాయకంగా అడిగితే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ అమాయకత్వం బాగా పనికొస్తుంది. ఇది చిన్న విషయమేమీ కాదు, విశ్వవిద్యాలయం చేసే సామినోర్ ఆరోగ్య సర్వేల్లో వివక్ష ఎదుర్కొన్నామని చెప్పినవాళ్ళు మిగతా జనంలో కంటే సామీల్లో బాగా ఎక్కువ.

ఇక ఊరి విషయం. సామీ భాషా ప్రాంతంలో, అంటే సామీకి నార్వేజియన్‌తో సమాన హోదా ఉండే మునిసిపాలిటీల్లో ఒకటిగా, చేరాలని ట్రోమ్సో మునిసిపాలిటీ నిర్ణయించుకున్నాక పెద్ద గొడవైంది. ఇది నార్వేజియన్ ఊరు, బోర్డులెందుకు, ఖర్చెందుకు అని పత్రికల నిండా ఉత్తరాలు, నెట్‌లో తిట్లు. 2011 ఎన్నికల్లో అధికారం మారింది, కొత్తవాళ్ళు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. తర్వాత సామెదిగ్గితో సహకార ఒప్పందం కుదిరింది, ఊళ్ళో సామీ నర్సరీ, సామీలో పాఠాలు చెప్పే తరగతులు ఉన్నాయి. అయినా అప్పట్లో హైస్కూల్లో ఉన్నవాళ్ళు ఆ ఏడాది గురించి ఇప్పటికీ మాట్లాడతారు.

సామెదిగ్గికి మీరు ఓటు వేయలేరు. మునిసిపాలిటీకి వేయొచ్చు: పౌరసత్వం లేకపోయినా, నార్వేలో వరసగా మూడేళ్ళు చట్టబద్ధంగా ఉంటే స్థానిక ఎన్నికల్లో ఓటు ఉంటుంది. తర్వాతివి 2027లో. ఓటు కార్డు వచ్చాక చాలామంది మనవాళ్ళు అది పక్కన పడేస్తారు. పడేయకుండా, పార్టీల మేనిఫెస్టోల్లో సామీ నర్సరీలు, టీచర్లు, బోర్డులు, క్వాలోయా మీద కొత్త కట్టడాల గురించి ఏం రాశారో చూడండి. అవి నార్వేజియన్‌లో ఉంటాయి, బ్రౌజర్ చేసే అనువాదం ఆ మాత్రానికి సరిపోతుంది.